అలసంద గింజంత గిలక

నంజప్ప నోట నేను మొట్టమొదట విన్న మాట "ఛీ".

నన్ను చూసి అనలేదు. హోసూరులో బాగలూరు రోడ్డు మీద ఇళ్ల స్థలాలు అమ్మే ఆఫీసు ఒకటుంది. వాన పట్టుకుంటే దాని వరండాలోకి దూరాను. పక్కన బక్కపల్చటి మనిషి ఒకడు, అరవై దాటినవాడు, చంకలో గోనెసంచి పెట్టుకుని, అద్దాల తలుపుకి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నాడు. లోపల గాజు పెట్టెలో ఒక తెరచాపల ఓడ బొమ్మ. దాని మొహం ఆఫీసు లోపలి వైపుకి ఉంది. ఓడ లోపలికి వస్తున్నట్టు పెడితే సంపద లోపలికి వస్తుందని, బయటికి తిప్పితే వెళ్లిపోతుందని ఈ మధ్య ఒక వాస్తు పుట్టింది. సముద్రం మొహం చూడని ఊళ్లలో, నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వీధుల్లో, ఇంటికో ఓడ లంగరు వేసుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఆ తాడు చూడు సామీ. యాడినుంచి వచ్చి యాడికి పోతాదో చెప్పు."

చూశాను. స్తంభం మీదినుంచి దిగిన దారం ఓడ అంచు దాకా వచ్చి, అక్కడ గమ్ము బొట్టులో చచ్చిపోయింది. తాడు తిరగాల్సిన గిలక ఉండవలసిన చోట నల్ల ప్లాస్టిక్ చుక్క ఉంది. దానికి కంత కూడా లేదు.

"యాడికీ పోదు," అన్నాడు తనే. "ఛీ. గిలక అంట అది. మేక పెంటిక అట్ల ఉండాది."

నాకు కనిపించిన రోత ఇంకొకటి. తెరచాపలు ముందుకి ఉబ్బి ఉన్నాయి, అంటే గాలి వెనకనుంచి వీస్తోంది. స్తంభం మీద జెండా మాత్రం వెనక్కి ఎగురుతోంది. ఒకే ఓడ మీద రెండు గాలులు. చేసినవాడు జెండా అనేదాన్ని పార్టీ వాళ్ల కార్ల మీద తప్ప చూసి ఉండడు. కారు ముందుకి పోతే జెండా వెనక్కి పోతుంది, ఓడా అంతే అనుకున్నాడు. నేను బందరులోనూ కాకినాడలోనూ, అటు పడమట మంగళూరు దాకా రేవుల్లో అరుగుల మీద కూర్చుని పొద్దు పుచ్చిన మనిషిని. ఓడ ప్రయాణాల మీద చదివిన పుస్తకాలు అమ్ముకుంటే ఒక పాత కాగితాల అంగడి నిండుతుంది. ఈ సంగతంతా చెబితే నంజప్ప శ్రద్ధగా విని, "జెండా ఎట్ల పోతే ఏమి సామీ, గిలక తిరగాల కదా," అన్నాడు. ఎవరి అసహ్యం వాళ్లది. వాన తగ్గేసరికి ఇద్దరం బేరిగై బస్సులో పక్కపక్కన కూర్చున్నాం.

అతనిది బేరిగై. తండ్రి పెద్దప్ప బావి గిలకలు చేసేవాడు. అత్తిముగం, బాగలూరు, అటు కర్ణాటక సరిహద్దు దాటి కూడా, ఏ బావి మీద చూసినా పెద్దప్ప గిలకే ఉండేదట. తుమ్మ చేవతో చేసేవాడు. పగటిపూట దూరంగా గిలక కిర్రుమంటే అది ఎవరి బావిదో, ఏ ఇంటి ఆడది చేదుతోందో పొలంలో ఉన్నవాళ్లు చెప్పేవాళ్లట. గిలక చేశాక పెద్దప్ప దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో ఒక్కసారి తిప్పి వినేవాడు. తిరగడంలో ఎక్కడైనా తడబడితే అక్కడికక్కడే గొడ్డలితో రెండు ముక్కలు చేసేవాడు. తిరగని గిలకని ఇంట్లో ఉంచుకోవడం వాళ్లకి ఆనవాయితీ కాదు, పొయ్యిలోకి పోవాల్సిందే.

తర్వాత బోర్లు వచ్చాయి. వెయ్యి అడుగుల లోతునుంచి వచ్చే నీళ్లకి గిలకతో ఏం పని? నంజప్ప కొన్నాళ్లు తలుపులు చేశాడు. తలుపులు కూడా ఫ్యాక్టరీలో తయారై, ప్లాస్టిక్ కవరు తొడుక్కుని లారీలో దిగడం మొదలయ్యాక, హోసూరు శివార్లలో ధనశేఖర్ అనే ఆయన షెడ్డులో కుదిరాడు. అక్కడ చేసేవి ఈ ఓడ బొమ్మలే.

ఆ షెడ్డు నేనూ చూశాను. తలుపు దగ్గరే గమ్ము వాసన ముక్కులో మేకు దిగ్గొట్టినట్టు తగులుతుంది. వరసగా కూర్చున్నవాళ్ల వేళ్ల కొనలు గమ్ము పొలుసులతో తెల్లగా, కుబుసం విడుస్తున్నట్టు ఉంటాయి. దారాలు కత్తిరించడం, అంటించడం, కత్తిరించడం, అంటించడం. కొత్త చెక్కకి పాతదనం రావడానికి టీ డికాక్షన్ పూస్తారు, చీమలు పట్టకుండా దాని మీద ఇంకేదో మందు కొడతారు. పైన ఇత్తడి రంగు రేకు మీద ఏవో పరదేశపు పేర్లు. ఇంత అబద్ధాన్ని ఇంత ఓపికగా తయారు చేసే చోటు నేను మరొకటి చూడలేదు, అచ్చాఫీసులు తప్ప.

నంజప్ప అక్కడ నిజం గిలకలు చేసి ఇచ్చాడట. ధనశేఖర్ నవ్వి, "ఎవరప్పా పెట్టెలో చెయ్యి పెట్టి తిప్పి చూసేది?" అన్నాడట. ఆ మాటకే నంజప్ప ఉలి సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసి, సొంతంగా ఒక ఓడ మొదలుపెట్టాడు.

"సుమ్నే, ఊరికే కూర్చునే పని," అంది అతని భార్య అంగాళమ్మ, నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు. "నెత్తికి నీడ, చేతికి పని. అది వదిలి వచ్చినాడు. దేనికంటే గిలక తిరగలేదంట. నీకు తిరిగింది మనసు, గిలక కాదు అన్నాను."

"నీకేం తెలుసు, ఊరుకో."

"నాకు తెలీదా? ఆ దారాలు పేనింది ఎవరు? నా తొడ మీద తోలు లేచిపాయ."

అది నిజం. ఆ చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్లలో మిగిలే పట్టుదారపు తుంపులు తెచ్చి, తొడ మీద పేని, తేనె మైనం పట్టించి ఆమె తాళ్లు చేసేది. సన్నవి, లావువి, మరీ లావువి. చూస్తే మోకులే, ఎలుకలు వాడుకునే మోకులు. నంజప్ప పాత మిక్సీ మోటారుని కొయ్యని తిప్పుతూ చెక్కే తరిమెనగా మార్చి, కుట్టుసూది విరిచి కర్రకి దిగ్గొట్టి దాన్నే కంతలు పెట్టే బరమాగా వాడుతూ, అలసంద గింజంత గిలకలు చేసేవాడు. రెండు చెక్క బుగ్గలు, నడుమ జొన్నగింజంత చక్రం, చక్రం చుట్టూ దారం పట్టే గాడి. చేశాక చెవి దగ్గర పెట్టుకుని ఊదేవాడు. తిరిగితే డబ్బాలోకి, లేకపోతే పొయ్యిలోకి.

"రాగి సంగటి కింద మండుతా ఉండేది అంతా ఓడ సామాన్లే సామీ," అంది అంగాళమ్మ.

ఇంటి వెనకే వాళ్ల పాత బావి. అందులోకి తొంగి చూసి నేను వెంటనే ముక్కు మూసుకున్నాను. ధర లేక పారబోసిన టమేటాలు, కోళ్ల ఈకలు, పెళ్లిళ్లలో వాడిన ప్లాస్టిక్ గ్లాసులు, పసిపిల్లల డైపర్లు. ఊరు ఊరంతా దాన్ని గొంతు దాకా నింపింది. మనవాళ్లు దేన్ని మరిచిపోయినా మరిచిపోతారు గాని, తమకి నీళ్లిచ్చిన గుంటలో చెత్త పోయడం మాత్రం మరిచిపోరు. దాని మీద ఉండిన పెద్దప్ప చివరి గిలకని నంజప్ప ఎప్పుడో ఊడదీసి దాచాడు. అది మధ్యకి చీలిపోయింది. అందులో పురుగు తినని ముక్క తీసి ఒకే ఒక్క గిలక చేశాడు. అతను చేస్తున్న ఓడలో పెద్ద స్తంభం నెత్తిన ఉన్నది అదే. ఆ దారం లాగితే పంచె గుడ్డకి గంజి పెట్టి చేసిన పెద్ద తెరచాప నిజంగా పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది.

నంజప్పకి ఉన్న కోరిక అదొక్కటే. ఒక్క ఓడ, గాజు పెట్టె లేకుండా, గమ్ము చుక్క లేకుండా, నలుగురూ నడిచే చోట ఉండాలి. వచ్చినవాడు దారం లాగి చూడాలి. తండ్రి గిలక మళ్లీ జనం చేతుల్లో తిరగాలి.

ఆ చోటు హోసూరు బజారులో దొరికింది. శ్రీనివాసమూర్తి అని చీరల వ్యాపారి. కొత్త అంగడి కట్టాడు, మూడంతస్తులు, లోపల కాలు పెడితే చలి, బయట కాలు పెడితే డ్రైనేజీ. వాస్తు ఆయన ఓడ పెట్టమన్నాడు. శ్రీనివాసమూర్తి భార్య వసంతలక్ష్మి పుట్టినూరు బేరిగై పక్కనే. ఆమె ద్వారా సంగతి నంజప్పకి వచ్చింది. సావుకారు వచ్చి ఓడ చూసి దారం లాగాడు, మళ్లీ లాగాడు, పిల్లాడిలాగా నవ్వాడు.

"రిబ్బను ఎందుకప్పా కత్తిరించేది, తెరచాప ఎత్తి అంగడి తెరుస్తాను! హోసూరులో ఎవుడూ చేసుండడు."

"గాజు పెట్టె వద్దు సావుకారీ. గమ్ము వద్దు."

"సరే పో. నీ ఇష్టం."

అంగడి తెరిచిన రోజు నన్నూ రమ్మన్నాడు నంజప్ప. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడ బిగుసుకుపోయి, పెళ్లికొడుకు తండ్రిలాగా ఉన్నాడు. అంగడి గుమ్మంలో ప్లాస్టిక్ బంతిపూల దండలు. బేరిగైలో గులాబీలు కొనేవాడు లేక కంపోస్టు గుంటల్లోకి పోతుంటే, ఇక్కడ ప్లాస్టిక్ పూలు, వాటి మీద స్ప్రే కొట్టిన మల్లె వాసన. లోపల నడుమ బల్ల మీద ఓడ. పైనుంచి చిన్న చిన్న ఫోకస్ దీపాలు నాలుగు వైపులనుంచీ దాన్ని కాల్చేస్తున్నాయి.

పూజ అయింది. "మెల్లగా ఎత్తు సావుకారీ," అన్నాడు నంజప్ప.

శ్రీనివాసమూర్తి దారం లాగాడు. తెరచాప లేచింది. అందరూ దాన్ని చూశారు. నంజప్ప ఒక్కడే స్తంభం నెత్తిన గిలకని చూశాడు. అది సాఫీగా తిరిగింది. "అబ్బా, నిజం ఓడే కదమ్మా!" అంది వసంతలక్ష్మి పక్కావిడతో. చప్పట్లు కొట్టారు. సావుకారు దారం కొస నంజప్ప చేతికిచ్చాడు. అతను దాన్ని ఓడ అంచున ఉన్న కొయ్య చీలకి ముడి వేసి వెనక్కి జరిగాడు.

ఆ ముడి నేను అప్పుడే చూశాను. అది చేద ముడి. బావిలో చేదకి వేసే ముడి. కింద నీళ్ల బరువు ఎంత లాగితే అంత బిగుస్తుంది, బరువు తీసి ఒక్క జాడింపు జాడిస్తే ఊడి వస్తుంది. గిలకలతో పుట్టి పెరిగినవాడికి తాడు అంటే ఆ ముడే, ఇంకొకటి తోచదు. కాని గంజి పెట్టిన పంచె గుడ్డకి బరువెక్కడిది? దారానికి మైనం, మైనానికి పైన దీపాల వేడి.

శ్రీనివాసమూర్తి కొడుకు దర్శన్ గడప దగ్గర కొబ్బరికాయ బద్దలు కొట్టాడు. గుమ్మడికాయంత చప్పుడు. బల్ల అదిరింది. ముడి జారింది. తెరచాప పైనుంచి కిందికి, తొందర లేకుండా, సాఫీగా, ఎక్కడా ఆగకుండా, రాత్రి అంగడి షట్టరు దించినట్టు దిగింది.

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏం నంజప్పా ఇది?" అన్నాడు శ్రీనివాసమూర్తి, మొహంలో నెత్తురు లేదు. "తెరిచిన దినమే మూసేస్తివే!"

"ముడి జారినాది సావుకారీ. మళ్ల కడతాను, ఉండు."

"మళ్ల జారదా? నేను బ్యాంకుకి పోయినప్పుడు జారదా? ఎవరన్నా పిల్లోడు లాగితే?"

వాస్తు ఆయన అంతవరకూ కేసరిబాత్ తింటూ ఉన్నాడు. మూతి తుడుచుకుని, "అది కదలకూడదు. కదిలే ఓడ నిలబడే వ్యాపారానికి పనికిరాదు," అన్నాడు. సముద్రం ఈ మాట వింటే ఏమనుకునేదో.

దర్శన్ కౌంటర్ కిందినుంచి గమ్ము ట్యూబు తీసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, బెంగళూరులో మేనేజ్‌మెంట్ చదివినవాడు, సమస్య కనబడితే చాలు పరిష్కరించే రకం.

"జరుగప్పా పెద్దాయనా."

"వద్దప్పా! నేను కడతాను అంటా ఉండానే! గిలకకి తగిలిస్తావు, వద్దు!"

"ఒక్క నిమిషం, పెద్దాయనా. పర్మనెంట్‌గా చేసేస్తాము."

ఒక చేత్తో దారం లాగుతూ, ఇంకో చేత్తో గిలక మీద గమ్ము ఒత్తాడు. ఆ గమ్ము అతని చెయ్యి కంటే వేగం. తెరచాప సగం లేచి ఉండగానే గిలక బిగిసింది, దారం బిగిసింది, దర్శన్ చూపుడువేలు కూడా బిగిసింది. "అమ్మా!" అని వేలు లాక్కున్నాడు. చిటికెడు తోలు ఓడ మీదే ఉండిపోయింది.

ఇప్పుడు తెరచాప పైనా లేదు, కిందా లేదు. ఎవరో పెద్దమనిషి పోతే సగం దించిన జెండాలా ఉంది. అది అందరికీ ఒకేసారి తోచింది. వసంతలక్ష్మి నోటి మీద కొంగు పెట్టుకుంది.

"నంజప్పా," అన్నాడు సావుకారు, గొంతు మార్చి. "ఏమన్నా చెయ్యప్పా. జనం వస్తా ఉండారు."

నంజప్ప తిడతాడనుకున్నాను. ఓడని ఎత్తి నేలకేసి కొడతాడనుకున్నాను. నాకైతే ఆ పనే చెయ్యాలనిపించింది. అతను జేబులోంచి బ్లేడు తీశాడు. దారం కోశాడు. స్తంభం నెత్తిన ఉన్న తండ్రి గిలకని మెల్లగా కోసి తీసి, దర్శన్ తోలు అంటిన ముక్కని గోటితో గీకి పారేసి, గిలకని చొక్కా జేబులో వేసుకున్నాడు. తెరచాప వేలాడే అడ్డకొయ్యని పైదాకా జరిపి పట్టుకున్నాడు. తర్వాత దర్శన్ వైపు చెయ్యి చాపాడు.

"ఇయ్యి ఆ గమ్ము."

అడ్డకొయ్యని స్తంభానికి అంటించాడు. దారాన్ని అంచుకి అంటించాడు. ఎక్కడినుంచీ ఎక్కడికీ పోని దారం. స్తంభం నెత్తిన గిలక పోయిన ఖాళీ కనిపిస్తోంది. వసంతలక్ష్మి చీర కుచ్చులకి కుట్టే బంగారు రంగు పూస ఒకటి తెచ్చి, "ఇది పెట్టప్పా నంజప్పా, ముందుకంటే అందంగా ఉంటాది," అంది, ఓదార్పుగానే. పెట్టాడు. నిజంగానే అందంగా ఉందన్నారు. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు.

మేము కేసరిబాత్ తిన్నాం. ఆకలి దేన్నీ అసహ్యించుకోదు. "డాల్డా," అన్నాడు నంజప్ప, మొత్తం తిని.

బస్సు బాగలూరు చేరింది. రోడ్డు పక్కన ఎవరో లారీడు టమేటాలు పారబోశారు, ఆవులు కూడా మూతి తిప్పుకుని పోతున్నాయి. ఆ పులిసిన వాసన బస్సంతా నిండాక నంజప్ప అన్నాడు: "గిలక ఏమి తప్పు చేసినాది సామీ? ముడి కదా జారినాది. ముడి నాది."

పొద్దు గూకక ముందే ఇల్లు చేరాం. ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకుని వచ్చిన కోడలు మీనా సంగతంతా విని, గోళ్లరంగు చెరిపే మందు సీసా తెచ్చింది. "దీనికి గమ్ము కరుగుతాది మామా. మా లైన్లో చేతులకి అంటుకుంటే ఇదే." సీసా మూతలో మందు పోసి గిలకని అందులో వేశారు. ఆసుపత్రిలాంటి కంపు. నంజప్ప తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, అది కరిగేదాకా లేవలేదు. గమ్ము జిగురుగా, చీమిడిలా ఊడి వచ్చింది. సూదితో గాడి గీకాడు, తుడిచాడు, ఆరబెట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊదాడు.

తిరిగింది. సాఫీగా కాదు, ఒక్కచోట గరగరమంటూ. పెద్దప్ప ఉంటే గొడ్డలి అందుకునేవాడే. నంజప్ప పొయ్యి వైపు ఒకసారి చూసి, గిలకని అరచేతిలోనే ఉంచుకున్నాడు.

"సామీ, నువ్వు రేవులంతా తిరిగినావు కదా. ఓడోళ్లు ఆ చీలకి ఏ ముడి వేస్తారు?"

"ముడి వెయ్యరు," అన్నాను.

"మళ్ల?"

కాకినాడ రేవులో సరుకు పడవలవాళ్లు చేసేది చూపించాను. గోడకి ఉన్న మేకుకి దారాన్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, ఎనిమిది అంకెలా అటూ ఇటూ చుట్టి, చివరి చుట్టు కింద కొస దోపి వదిలేశాను. ముడి లేదు. చుట్టు మీద చుట్టు, అంతే. నంజప్ప నమ్మలేదు. దారానికి ఓ టమేటా కట్టి వేలాడదీశాడు. నిలిచింది. తలుపు ధడేలున మూశాడు. నిలిచింది. టమేటా విప్పి, ఊరికే ఖాళీ దారాన్ని వదిలి, గోడ మీద పిడికిలితో గుద్దాడు. చుట్టు కదల్లేదు.

"ముడే లేదా?" అన్నాడు. "ఛీ! ఇంత సులువా?"

చటుక్కున లేచి, కొయ్య చీలల డబ్బా తెచ్చి ఒక చీల తీసి, దానికి దారం అట్లాగే చుట్టబోయాడు. రెండో చుట్టుకే చోటు చాల్లేదు. ముడికి సరిపోయేలా పొట్టిగా చేసిన చీలలు. ఇంకొకటి తీశాడు. అన్నీ అంతే. డబ్బా డబ్బాని అంగాళమ్మ ముందు దిమ్మరించాడు.

"అన్నీ దండగ. పొయ్యిలో వెయ్యి."

"వెయ్యను పో," అంది అంగాళమ్మ, ఒక చీల ఏరి వెలుగులో పెట్టి చూస్తూ. "గుబిలి తీసుకోను బాగుంటాయి."

ఆమె చెవిలో తిప్పుకుంటుంటే నంజప్ప మొహం అష్టవంకర్లు పెట్టుకుని, తరిమెన ముందు కూర్చుని, పొడుగాటి తుమ్మ పుల్ల కోసం వెతుకుతున్నాడు.